రంగం దారిలో అనుమతి పత్రం: బర్మాలో తెలుగు కూలీలు, నివాస హక్కు

పరాయి దేశంలో పనిచేసి బ్రతకదలచినవాడు ఆ దేశ ప్రభుత్వం నుండి రెండు అనుమతులు పొందవలసి ఉంటుంది. మొదటిది పనిచేయడానికి, రెండవది నివసించడానికి. ఈనాడు ఇది సర్వసామాన్యమైన విషయం. పాస్‌పోర్టు, వీసా, నివాస అనుమతి అనే మాటలు గల్ఫ్ దేశాలకు వెళ్ళే కూలీ నోట, అమెరికాకు వెళ్ళే ఇంజనీరు నోట ఒకే తీరుగా వినిపిస్తాయి. అయితే ఈ ఏర్పాటు అనాదిగా వస్తున్నది కాదు. బంగాళాఖాతపు ఆవలి ఒడ్డున ఉన్న బర్మాకు, అంటే నేటి మయన్మార్‌కు, తూర్పు తీరపు తెలుగువారు తరతరాలుగా ఏ అనుమతి పత్రమూ లేకుండానే వెళ్ళి వచ్చారు. ఆ స్వేచ్ఛాగమనం 1937-1948 సంవత్సరాల మధ్య, కేవలం పదకొండేళ్ళ వ్యవధిలో అంతరించింది. నిన్నటి వరకు పొరుగు జిల్లాకు వెళ్ళినట్లు వెళ్ళిన మనిషి విదేశీయుడయ్యాడు. తాను అక్కడ ఎన్నాళ్ళు ఉన్నాడో రుజువు చేసుకోవలసినవాడయ్యాడు. ఆ మార్పు జరిగిన తీరును పరిశీలిస్తే నివాసపు అనుమతి అనే వ్యవస్థలో నేటికీ తీరని ఒక చిక్కు బోధపడుతుంది.

కోరంగి పేరు

కాకినాడకు సమీపాన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి ప్రసిద్ధి చెందిన రేవు. 1839లో వచ్చిన పెనుతుపాను ఆ రేవును దెబ్బతీసింది. కోరంగి వైభవం తగ్గినా దాని పేరు మాత్రం సముద్రం దాటి నిలిచింది. బర్మాలో తెలుగు తీరం నుండి వచ్చిన కూలీలందరినీ, వారు ఏ ఊరివారైనా, 'కొరంగీలు' అనడం వాడుక అయింది. ఇటు తెలుగునాట, ముఖ్యంగా ఉత్తరాంధ్రలో, రంగూన్ పట్టణం 'రంగం'గా మారింది. 'రంగం వెళ్ళాడు' అంటే కూలికి సముద్రం దాటాడని అర్థం.

బర్మాను బ్రిటిష్‌వారు మూడు యుద్ధాలలో, మూడు దఫాలుగా ఆక్రమించుకున్నారు. 1826లో అరకాన్, తెనాసెరిమ్ ప్రాంతాలు, 1852లో పెగూ, 1886 ప్రారంభానికి ఉత్తర బర్మా వారి వశమయ్యాయి. ఆ దేశాన్ని బ్రిటిష్ ఇండియాలో ఒక భాగంగా చేర్చారు. ఐరావతీ నది డెల్టాలో అడవులు నరికి వరిపొలాలు చేయడంతో బియ్యం ఎగుమతి అపారంగా పెరిగింది. పంట కోయడానికి, మిల్లులలో వడ్లు ఆడించడానికి, రేవులో బస్తాలు మోయడానికి, రంగూన్ వీధులలో రిక్షాలు లాగడానికి మనుషులు కావలసి వచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలలో భూమి లేని కుటుంబాలకు, కరవుకాలంలో అప్పులపాలైన రైతులకు ఇది ఒక ఆధారమయింది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులలో స్టీమరు ఎక్కితే కొద్ది రోజులలో రంగూన్ చేరవచ్చు.

ఈ ప్రయాణానికి పాస్‌పోర్టు లేదు. ఒకే ప్రభుత్వం కింద ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి పోవడమే కనుక చట్టం దృష్టిలో ఇది దేశాంతర వలస కూడా కాదు. 1922 నాటి భారత వలస చట్టం సిలోనుకూ మలయాకూ వెళ్ళే కూలీల విషయంలో ఏర్పాట్లు చేసింది గాని, బర్మా భారతదేశంలో భాగమైనందున ఆ చట్టం రంగం దారికి వర్తించలేదు. కూలీకి ప్రభుత్వంతో పనిలేదు, మేస్త్రీతోనే పని. ఊరిలో అడ్వాన్సు ఇచ్చేది, ఓడ టిక్కెట్టు కొనేది, రంగూన్‌లో పని చూపించేది, యజమాని నుండి కూలి తీసుకొని పంచేది మేస్త్రీయే. మేస్త్రీల చేతులలో కూలీలు పడిన బాధలను 1929లో నియమితమైన రాయల్ లేబర్ కమిషన్ తన నివేదికలో చర్చించింది. ఆ విధానంలో మరొక సంగతి ఇమిడి ఉంది. కూలి మేస్త్రీ ద్వారా ముట్టడం వల్ల అనేక చోట్ల యజమాని పుస్తకంలో మేస్త్రీ పేరే ఉండేది. కూలీ పేరు ఉండేది కాదు. ఆనాడు దానిని ఎవరూ లోపంగా భావించలేదు. తరువాతి కాలంలో ఆ లోపమే ప్రాణసంకటమయింది.

రెండు పక్షాల భయాలు

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10,17,825 మంది. రంగూన్ నగర జనాభా 4,00,415 కాగా అందులో భారతీయులు 2,12,929. అనగా ఒక దేశ రాజధానిలో ఆ దేశీయులు అల్పసంఖ్యాకులైనారు. వ్యాపారం, వడ్డీ వ్యాపారం, ప్రభుత్వోద్యోగాలు, కూలిపనులు అన్నింటిలోను భారతీయులే కనిపించేవారు. 1930 తరువాతి ఆర్థిక మాంద్యంలో వరి ధర పడిపోగా అప్పులు తీర్చలేని బర్మా రైతుల భూములు చెట్టియార్ల చేతికి వచ్చాయి. 1930లో ప్రధానమైన వరి జిల్లాలలో సుమారు ఆరు శాతం భూమి వారి అధీనంలో ఉండగా 1938 నాటికి అది నాలుగవ వంతుకు చేరింది. బర్మీయుల ఆందోళనకు వాస్తవమైన కారణాలున్నాయని ఒప్పుకోక తప్పదు.

ఆ ఆందోళన ఫలితాన్ని ముందుగా అనుభవించినవారు భూమి కొన్నవారు కాదు, బస్తా మోసినవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు వేతనాల పెంపు కోరి సమ్మె చేశారు. ఓడల కంపెనీల పక్షాన వారి స్థానంలో బర్మీయ కూలీలను పనిలో పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారం కాగానే తెలుగు కూలీలను తిరిగి తీసుకొని బర్మీయులను తొలగించారు. ఇరుపక్షాల మధ్య మొదలైన ఘర్షణ నగరమంతటా అల్లర్లుగా వ్యాపించి వందకు పైగా ప్రాణాలను బలిగొన్నది. మృతులలో అత్యధికులు తెలుగువారు. 1938 జూలై, ఆగస్టు నెలలలో మరల అల్లర్లు చెలరేగాయి. వాటిని విచారించిన సంఘం భారతీయుల వలసపై ప్రత్యేక పరిశీలన అవసరమని సూచించింది.

విభజన, విచారణ

ఇంతలో రాజ్యాంగపరమైన మార్పు జరిగింది. 1935 చట్టం మేరకు 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి విడిపోయింది. అయితే ఆ రోజుననే సముద్రం మీద గీత గీయలేదు. మూడేళ్ళ పాటు రాకపోకలు యథాతథంగా సాగాలని, తరువాత మార్చదలచిన పక్షం ఏడాది ముందు నోటీసు ఇవ్వాలని ఉత్తర్వు జారీ అయింది. బర్మా ప్రభుత్వం ఆ నోటీసు ఇచ్చింది. వలస సమస్యను పరిశీలించడానికి ఆర్థిక సలహాదారు జేమ్స్ బాక్స్టర్‌ను నియమించింది. బర్మీయుడైన టిన్ టుట్, భారతీయుడైన రతిలాల్ దేశాయి ఆయనకు సహాయకులు. 1940లో సమర్పితమైన ఆ నివేదిక, భారతీయ కూలీలు చాలావరకు బర్మీయులు చేయని పనులలోనే ఉన్నారనీ, వారి వల్ల బర్మీయులు పెద్దయెత్తున పనులు కోల్పోయినట్లు ఆధారాలు లేవనీ అభిప్రాయపడింది. వలసను రెండు ప్రభుత్వాలు చర్చించుకొని క్రమబద్ధం చేయాలన్నది దాని సారాంశం.

దాని ఫలితంగా 1941 జూన్‌లో గిరిజాశంకర్ బాజ్‌పాయ్ నాయకత్వాన భారత ప్రతినిధివర్గం రంగూన్ వెళ్ళింది. అప్పటి బర్మా ప్రధాని ఊ సా. ఉభయులు కుదుర్చుకున్న ఒప్పందం జూలైలో ప్రకటితమయింది. అప్పటినుండి నైపుణ్యం అవసరం లేని పనుల కోసం కూలీలు కొత్తగా బర్మాకు వెళ్ళడం నిలిచిపోయింది. రంగం దారి మూసుకున్నది ఆ నెలలోనే.

ఏడేళ్ళ లెక్క

1941 ఒప్పందం మనుషులను తరగతులుగా విభజించింది. బర్మాలో పుట్టి పెరిగి అక్కడే స్థిరపడినవారు ఒక తరగతి. 1932 జూలై 15 మొదలు 1941 జూలై 15 వరకు గల తొమ్మిదేళ్ళలో మొత్తం ఏడేళ్ళు బర్మాలో నివసించినట్లు రుజువు చేసుకున్నవారు 'ప్రత్యేక హక్కు గల వలసదారులు'. వీరు అక్కడ ఉండవచ్చు, పనిచేసుకోవచ్చు; కాని ఏడాదికి మించి బర్మా విడిచి ఉంటే ఆ హక్కు పోతుంది. కొత్తగా రాదలచినవారికి వీసా గల పాస్‌పోర్టు గాని, 'ఏ', 'బి' అనే రెండు రకాల పర్మిట్లలో ఒకటి గాని ఉండాలి. 'ఏ' పర్మిట్టు గలవారు నిరవధికంగా నివసించవచ్చు. 'బి' పర్మిట్టు గలవారికి గడువు ఉంటుంది. గడువు ముగిస్తే పొడిగింపు కోరుకోవాలి. పర్మిట్లకు రుసుము కూడా విధించారు. బర్మా జాతుల స్త్రీని వివాహమాడితే పురుషుని అనుమతి రద్దు కావచ్చుననే షరతు కూడా ఒప్పందంలో చోటు చేసుకుంది.

భారతదేశంలో దీనిపై తీవ్రమైన నిరసన వ్యక్తమయింది. 1941 ఆగస్టులో గాంధీజీ ఈ ఒప్పందాన్ని ఖండిస్తూ ప్రకటన చేశారు. బర్మా భారతీయులను సంప్రదించకుండా తొందరపడి కుదుర్చుకున్నారని, అది జాతికి అవమానకరమని విమర్శలు వచ్చాయి. ఆనాటి చర్చలో వ్యాపారుల ప్రయోజనాలు, జాతి గౌరవం ప్రధానంగా వినిపించాయి. కాని ఒప్పందంలోని అసలు కత్తి అంకెలలో ఉన్నది.

విశాఖ జిల్లా నుండి ఏటా పంటకాలానికి రంగం వెళ్ళి, ఎనిమిది నెలలు పనిచేసి, నాలుగు నెలలు ఇంటిపట్టున ఉండే కూలీని ఉదాహరణగా తీసుకుందాం. అతడు తొమ్మిదేళ్ళలో ఒక్క ఏడాది కూడా మానకుండా వెళ్ళాడనుకున్నా అతని నివాసం డెబ్భై రెండు నెలలు, అనగా ఆరేళ్ళు. ఏడేళ్ళ నిబంధనకు అతడు ఒక ఏడాది తక్కువ. తండ్రి, తాత కూడా ఇలాగే వెళ్ళివచ్చినా ఆ లెక్కలో వారి ఏళ్ళు కలవవు. రెండు మూడేళ్ళు ఏకధాటిగా పనిచేసి, అప్పు తీర్చడానికో, కూతురి పెళ్ళికో ఇంటికి వచ్చి చాలాకాలం ఉండిపోయినవాడిది మరొక చిక్కు. ఇక మీదట అతడు ఏడాది దాటి ఇంటివద్ద ఉంటే సంపాదించుకున్న హక్కు కూడా జారిపోతుంది. భార్యాబిడ్డలను స్వగ్రామంలో ఉంచి తాను మాత్రం వెళ్ళి రావడమే ఈ కూలీల జీవనవిధానం. ఒప్పందం ఆ విధానాన్నే అనర్హతగా మార్చింది.

లెక్క కుదిరినవాడికి సైతం రుజువు సమస్య ఎదురయింది. దుకాణం గలవానికి అద్దె రసీదులు, లెక్కల పుస్తకాలు ఉంటాయి. గుమాస్తాకు ఉద్యోగ పత్రం ఉంటుంది. ఇల్లు గలవాడు పన్ను చెల్లించిన రసీదు చూపగలడు. మేస్త్రీ కింద పనిచేస్తూ, బారెక్కులో పదిమందితో కలిసి నిద్రించిన కూలీకి చూపడానికి ఏమున్నది? స్టీమరు టిక్కెట్టు దిగగానే పారవేసే వస్తువు. ఏ ప్రభుత్వమూ తనను పత్రం అడగని కాలంలో అతడు బ్రతికాడు. చట్టాన్ని పాటించాడు కనుకనే అతని వద్ద కాగితం లేదు.

యుద్ధం, స్వాతంత్ర్యం

ఈ ఒప్పందం పూర్తిగా అమలుకు రాకముందే యుద్ధం బర్మాను ముంచెత్తింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. 1942 మార్చిలో నగరం జపాన్ వశమయింది. నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఓడలలోను, అరకాన్ కొండల మీదుగాను, మణిపూర్ దారిలోను స్వదేశానికి తరలివచ్చారు. దారిలో కలరాతోను, ఆకలితోను వేలాదిమంది మరణించారు. ఎవరి వద్దనైనా ఏవైనా కాగితాలుంటే అవి కూడా ఆ ప్రయాణంలో చాలావరకు పోయాయి.

యుద్ధానంతరం తిరిగి వెళ్ళగోరినవారికి బర్మా వేరొక దేశంగా ఎదురయింది. 1947లో చేసిన అత్యవసర వలస చట్టం, అనుమతి పత్రం గాని వీసా గల పాస్‌పోర్టు గాని లేని విదేశీయుని ప్రవేశాన్ని నిషేధించింది. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయింది. ఆ దేశ రాజ్యాంగం భారతీయుల పట్ల తలుపులు పూర్తిగా మూయలేదు. బ్రిటిష్ సామ్రాజ్య ప్రాంతాలలో పుట్టి, పదేళ్ళలో ఎనిమిదేళ్ళు బర్మాలో నివసించి, అక్కడే స్థిరపడగోరేవారు పౌరసత్వాన్ని ఎంచుకొనే అవకాశం కల్పించింది. ఆ పదేళ్ళను రాజ్యాంగం అమలుకు వచ్చిన తేదీ నుండి గాని, 1942 జనవరి 1 నుండి గాని వెనక్కి లెక్కించవచ్చునన్నది. యుద్ధం వల్ల దేశం విడిచినవారికి నష్టం కలుగరాదనే ఆలోచన ఈ రెండవ తేదీలో కనిపిస్తుంది. ఇది ఉదారమైన నిబంధన అనడంలో సందేహం లేదు. అయినా ఏటా ఎనిమిది నెలలు పనిచేసిన కూలీ పదేళ్ళ నివాసం ఇక్కడ ఆరేళ్ళ ఎనిమిది నెలలే అవుతుంది. ఏడు ఎనిమిదిగా మారింది. అతడు గీతకు ఈవలనే ఉండిపోయాడు.

పౌరసత్వం ఎంచుకోనివారు, ఎంచుకోలేనివారు విదేశీయులుగా పేర్లు నమోదు చేయించుకొని ధ్రువపత్రాలు పొందవలసి వచ్చింది. రుసుము చెల్లించి ఆ పత్రాన్ని సజీవంగా ఉంచుకోవడం, నివాసపు గడువును పొడిగించుకోవడం వారి జీవితంలో భాగమయింది. దరఖాస్తు రాసిపెట్టేవారి కోసం, కార్యాలయంలో పిలుపు కోసం ఒక రోజు కూలి పోగొట్టుకొని నిరీక్షించడం నిరక్షరాస్యుడైన కూలీకి ఎంత భారమో చెప్పనక్కరలేదు. పౌరసత్వం వల్ల కలిగే మేలు ఆనాడు చాలామందికి తెలియలేదు. రాకపోకలు ఎప్పటికైనా మునుపటివలె సాగుతాయనే ఆశ కూడా కొందరిని ఆపింది.

ఆ ఆశకు 1962 సైనిక పాలన స్వస్తి చెప్పింది. 1963లో బ్యాంకులు, 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి. 1964 మేలో యాభై, నూరు చాట్ల నోట్లను రద్దు చేశారు. లక్షన్నరకు పైగా భారతీయులు ఓడలలో స్వదేశం చేరారు. వారిలో విశాఖపట్నం రేవులో దిగిన తెలుగు కుటుంబాలున్నాయి. కంచరపాలెం ప్రాంతంలోని 'బర్మా క్యాంపు' అనే పేరు నేటికీ ఆ రాకను గుర్తుచేస్తున్నది.

నిర్ధారకమైన సాక్ష్యం

వెళ్ళిపోనివారు కూడా ఉన్నారు. మోల్మేన్ పరిసరాలలో నేటికీ తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. 1982లో వచ్చిన బర్మా పౌరసత్వ చట్టం పౌరులను మూడు శ్రేణులుగా విభజించింది: పౌరులు, సహపౌరులు, సహజీకృత పౌరులు. 1948 చట్టం కింద దరఖాస్తు చేసుకొని ఉన్నవారు రెండవ శ్రేణికి చెందుతారు. మూడవ శ్రేణిలో చేరాలంటే 1948 జనవరి 4కు పూర్వమే తాము గాని తమ పెద్దలు గాని బర్మాలో ప్రవేశించి నివసించినట్లు 'నిర్ధారకమైన సాక్ష్యం' చూపాలి. నలభై ఏళ్ళ తరువాత మనుమడిని అడిగిన ప్రశ్న, 1941లో తాతను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ ఉన్నట్లు కాగితం ఏది?

పరిపాలనకు ఒక పాఠం

తన దేశంలో ఎవరు పనిచేయాలో, ఎవరు నివసించాలో నిర్ణయించుకొనే అధికారం ప్రతి స్వతంత్ర దేశానికీ ఉన్నది. బర్మా ఆ అధికారాన్ని వినియోగించుకోవడాన్ని తప్పుపట్టే అర్హత, తన పౌరుల ప్రయాణాలను చిరకాలం తన ఇచ్ఛానుసారం నియంత్రించిన దేశానికి లేదు. భారతదేశంలో పాస్‌పోర్టు పొందడం పౌరుని హక్కుగా గాక ప్రభుత్వపు దయగా 1967 వరకు సాగింది. ఆ ఏడాది సత్వంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు విదేశ ప్రయాణం వ్యక్తిస్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పిన తరువాతనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయసమ్మతంగా ఉండాలని కోర్టు స్పష్టం చేసింది. విదేశాలకు కూలికి వెళ్ళేవారి రక్షణకు 1922 చట్టం స్థానంలో 1983లో కొత్త వలస చట్టం చేయబడింది.

బర్మా అనుభవం చెప్పే విషయం అధికారానికి సంబంధించినది కాదు, దాని అమలుకు సంబంధించినది. పత్రం అడగని కాలాన్ని పత్రం అడిగే కాలం కొలిచినపుడు, ఆ కొలతలో ఓడిపోయేవాడు ఎప్పుడూ చేతిపని తప్ప మరేదీ లేనివాడే. నివాసపు ఏళ్ళను నిర్ణయించే అధికారి ఆ ఏళ్ళకు ఆధారం ఎవరి వద్ద ఉంటుందో కూడా ముందుగా విచారించాలి. యజమాని పుస్తకంలో పేరు రాయించే బాధ్యతను యజమానిపై పెట్టి ఉంటే, రేవులో దిగిన ప్రతివానికి ఒక చీటీ ఇచ్చి ఉంటే, 1941 నాటి లెక్క ఎందరి విషయంలోనో వేరుగా ఉండేది.

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళే కూలీకి నేడు పాస్‌పోర్టు ఉన్నది, వీసా ఉన్నది. అతని నివాసపు అనుమతి సాధారణంగా అతనికి పని ఇచ్చిన యజమానితో ముడిపడి ఉంటుంది. పని పోతే నివాసానికీ గండమే. రంగం కూలీ పేరు మేస్త్రీ పుస్తకం చాటున మరుగుపడింది. ఈనాటి కూలీ పేరు యజమాని కాగితం మీద నిలిచి ఉన్నది. కాగితం లేనివాని కష్టం ఒకటి, కాగితం తన చేతిలో లేనివాని కష్టం మరొకటి. ఒప్పందపు ప్రతి, వేతనపు రసీదు, అనుమతి పత్రపు నకలు తన వద్దనే ఉంచుకోవాలని ప్రయాణానికి ముందే అతనికి తెలియజెప్పడం చిన్న పనిగా తోచవచ్చు. రంగం నుండి వట్టి చేతులతో తిరిగివచ్చిన కుటుంబాలకు దాని విలువ తెలుసు.